‘ఎన్నడూ’ దొరికేదాకా: ఎడ్గార్ ఎలన్ పోను తెలుగు చేసిన ఒక కేస్ స్టడీ

పని చేతికొచ్చినప్పుడు చిన్నదే అనుకున్నాను. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో కథలు ఆరు, కవిత ఒకటి, ముందు పన్నెండు పేజీల పరిచయం. అడిగింది ఒక చిన్న ప్రచురణ సంస్థ, ఇచ్చిన గడువు నాలుగు నెలలు. పూర్తయ్యేసరికి పద్నాలుగు నెలలయింది. నన్ను ఆపినవి రెండు. ఒకటి, పరిచయంలో నేనే రాసిన ఒక అబద్ధం. రెండోది, ‘ది రేవెన్’ కవితలో పదకొండు చరణాల చివర వచ్చే ఒకే ఒక్క మాట, ‘నెవర్‌మోర్’, అంటే ఇంకెన్నటికీ లేదని. ఈ రెంటికీ సంబంధం లేదని చాలా రోజులు అనుకున్నాను. ఆ మనిషి ఎలాంటివాడో సరిగ్గా తెలిశాకే ఆ మాట దొరికింది. అనువాదం చేసేవాళ్లకు పనికొస్తుందని ఆ కేసు మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక చిన్న పని సంగతి. ‘పో’ అనే ఇంటిపేరుకు తెలుగు విభక్తి అతికిస్తే వాక్యం తడబడుతుంది. ‘పో అన్నాడు’, ‘పోని చదివారు’ అని రాస్తే చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. భయం కథల్లో ఆ క్షణం చాలా ఖరీదైనది. అందుకని పుస్తకమంతా ఎడ్గార్ అనే రాశాను, ఇక్కడా అంతే.

పరిచయంలో రాసిన అబద్ధం

చిన్నప్పుడు ఇంగ్లిషు పాఠం పైన ఆయన గురించి నాలుగు వాక్యాలు చదువుకున్నాను. తాగుబోతు, జూదగాడు, నల్లమందుకు బానిస, చివరికి వీధిలో పడిపోయి చచ్చిపోయిన మేధావి. ఆ బొమ్మ మనసులో అలాగే ఉండిపోయింది. పరిచయం ఒక్క ఉదయంలో రాసేశాను. ‘తన పిచ్చిని కాగితం మీద ఒలకబోసిన కవి’ అన్న వాక్యం అందులో ఉంది. అది బాగా వచ్చిందని సంబరపడ్డాను కూడా.

కథల్లోకి దిగిన రెండో వారానికే ఆ వాక్యం నన్ను పొడవడం మొదలుపెట్టింది. ఒలికిపోయిన రచనను తెలుగు చేయడం కష్టం కాదు. ఒక వాక్యం ముందూ వెనకా జరిపినా ఏమీ కాదు. ఎడ్గార్ దగ్గర అది కుదరదు. ఒక మాట జరిపితే పేరా అంతా కుంగిపోతుంది. ఇంత కొలిచి పేర్చినవాడు ఒలకబోశాడని నేనెలా రాశాను? ఆ మాట నాకు ఎవరు చెప్పారు?

వెనక్కి వెతుక్కుంటూ పోతే ఒక్క మనిషి దగ్గర తేలింది. ఆయన పేరు రూఫస్ గ్రిస్వోల్డ్. కవితా సంకలనాలు వేసేవాడు. 1842లో ఆయన తెచ్చిన అమెరికన్ కవుల సంకలనాన్ని ఎడ్గార్ విమర్శించాడు. అదే ఏడాది ‘గ్రాహమ్స్ మ్యాగజీన్’లో ఎడ్గార్ వదిలిన ఉద్యోగంలో గ్రిస్వోల్డ్ చేరాడు. ఇద్దరికీ పడేది కాదు. 1849 అక్టోబరు 7న ఎడ్గార్ చనిపోతే, 9వ తేదీ ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’లో ఒక సంతాపం వచ్చింది. కింద సంతకం ‘లుడ్విగ్’. ఈ వార్త విని చాలామంది ఉలిక్కిపడతారు గానీ బాధపడేవాళ్లు తక్కువే అని మొదట్లోనే అన్నది ఆ రాత. లుడ్విగ్ అంటే గ్రిస్వోల్డే.

అక్కడితో ఆగలేదు. ఎడ్గార్ అత్తగారు మరియా క్లెమ్ దగ్గర కాగితాలు తీసుకుని, ఆయన రచనల సంపుటాలకు గ్రిస్వోల్డే సంపాదకుడయ్యాడు. 1850లో అందులో ఒక జీవిత కథ చేర్చాడు. ఎడ్గార్‌ను యూనివర్సిటీ నుంచి వెళ్లగొట్టారనీ, సైన్యం నుంచి పారిపోయాడనీ అందులో ఉంది. రెండూ అబద్ధాలు. ఎడ్గార్ తనకు రాసిన ఉత్తరాల్లో తనను పొగిడే వాక్యాలు గ్రిస్వోల్డ్ తానే రాసి ఇరికించాడు. స్నేహితుల పట్ల ఎడ్గార్ కృతఘ్నుడని అనిపించేలా కొన్నిచోట్ల మాటలు మార్చాడు. ఎన్.పి. విల్లిస్, జార్జ్ గ్రాహమ్ లాంటి తోటి సంపాదకులు ఆనాడే ఖండించారు. ఒకప్పుడు ఎడ్గార్‌ను పెళ్లాడడానికి ఒప్పుకుని తర్వాత వద్దనుకున్న కవయిత్రి సారా హెలెన్ విట్మన్ 1860లో ఆయన పక్షాన ఒక పుస్తకమే రాసింది. కానీ జనం చేతుల్లోకి వెళ్లింది గ్రిస్వోల్డ్ వేసిన సంపుటాలు. ఆర్థర్ హాబ్సన్ క్విన్ అనే ప్రొఫెసర్ అసలు ఉత్తరాలనూ మార్చిన ఉత్తరాలనూ పక్కపక్కనే అచ్చేసి చూపించేసరికి 1941 వచ్చింది. తొంభై ఏళ్లకు పైగా ఒక దొంగ ఉత్తరం నిజంగా చలామణీ అయింది. అది ఒక బడి పుస్తకం గుండా నాదాకా వచ్చింది, నా ద్వారా తెలుగు పుస్తకంలోకి కూడా వెళ్లబోయింది.

ఇది నాకు సిగ్గుగా అనిపించింది. అనువాదకులు వాక్యం కోసం పది నిఘంటువులు చూస్తారు. పరిచయం దగ్గరికి వచ్చేసరికి విన్నదే రాసేస్తారు.

తేదీలు పక్కన పెట్టుకుంటే కనిపించిన మనిషి

పరిచయం చింపేసి కొత్తగా మొదలుపెట్టాను. ఈసారి విశేషణాలు వదిలేసి తేదీలూ డబ్బు లెక్కలూ మాత్రం ఒక నోటుబుక్కులో రాసుకున్నాను.

1809 జనవరి 19న బోస్టన్‌లో పుట్టాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ నాటక కళాకారులు. తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. 1811 డిసెంబరులో రిచ్మండ్‌లో తల్లి చనిపోయేనాటికి పిల్లాడికి మూడేళ్లు కూడా నిండలేదు. పొగాకు వర్తకుడు జాన్ ఎలన్ ఇంట్లో పెరిగాడు. మధ్య పేరు అలా వచ్చిందే. అయితే ఎలన్ అతన్ని చట్టప్రకారం ఎన్నడూ దత్తత తీసుకోలేదు. పెంచిన ఇల్లు, కానీ సొంత ఇల్లు కాదు. మన ఊళ్లలో ఇలా పెరిగిన పిల్లలు నాకు తెలుసు. పెరట్లో ఆడుకునేటప్పుడు కూడా ఒక చెవి ఇంటి లోపలి మాటల మీదే ఉంటుంది.

1826లో యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో చేరాడు. ఎలన్ పంపిన డబ్బు చాల్లేదు, జూదంలో అప్పులు పెరిగాయి, ఎలన్ కట్టనన్నాడు, ఏడాది నిండకుండానే చదువు ఆగింది. ఎవరూ వెళ్లగొట్టలేదు. 1827లో పేరు మార్చుకుని ఎడ్గార్ ఎ. పెర్రీగా సైన్యంలో చేరాడు. అదే ఏడాది తన పేరు లేకుండా ‘బోస్టన్‌వాసి ఒకడు’ అని మాత్రం వేసి నలభై పేజీల కవితల పుస్తకం తెచ్చాడు. సైన్యంలో అతని పని గమనించదగ్గది. ఫిరంగి దళంలో గుండ్లను సిద్ధం చేసే పనివాడిగా పెట్టారు, జీతం రెట్టింపయింది. రెండేళ్లలోపే సార్జంట్ మేజర్ అయ్యాడు. మామూలు సిపాయిగా చేరినవాడికి అంతకు మించిన హోదా లేదు. 1829లో పద్ధతి ప్రకారమే విడుదలయ్యాడు. పారిపోయాడని గ్రిస్వోల్డ్ రాసింది ఈ మనిషి గురించే. గుండులో మందు తూకం తప్పితే ఏమవుతుందో చేతులతో నేర్చుకున్న మనిషి.

వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం నుంచి మాత్రం నిజంగానే పంపేశారు, 1831లో. అక్కణ్ణుంచి బయటపడాలని తానే కావాలని కవాతులకు ఎగ్గొట్టాడు.

తర్వాత పద్దెనిమిదేళ్లూ పత్రికల్లో జీతగాడి బతుకు. 1833లో ఒక బాల్టిమోర్ పత్రిక కథల పోటీలో 50 డాలర్లు. 1835 నుంచి రిచ్మండ్‌లో ‘సదరన్ లిటరరీ మెసెంజర్’. 1841లో ‘గ్రాహమ్స్’లో ఏడాదికి 800 డాలర్లు. 1843లో ‘ది గోల్డ్ బగ్’ కథకు బహుమతిగా 100 డాలర్లు, అదే ఏడాది ‘ది టెల్-టేల్ హార్ట్’ కథకు పది డాలర్లు. మొదటి కథల సంపుటికి ప్రచురణకర్తలు పైసా ఇవ్వలేదు, రాసినవాడికి కొన్ని ప్రతులు మాత్రం ఇచ్చారు. ఇంత రాబడిలో అరవై పైచిలుకు కథలు, కవితలు, లెక్కలేనన్ని పుస్తక సమీక్షలు. సొంత పత్రిక పెట్టాలని చివరిదాకా తిరిగాడు, పెట్టలేకపోయాడు. ఈ పట్టికంతా రాసుకున్నాక ‘పిచ్చిని ఒలకబోసిన’ అన్న మాట మీద మళ్లీ చేయి పడలేదు. ఇది అచ్చు గడువుల మధ్య కూర్చుని, నెలాఖరు అద్దె కోసం, ఒక్కో పేజీ కొలిచి రాసిన మనిషి లెక్క.

తాగుడు మాటేమిటి? తాగాడు. దాన్ని దాచిపెట్టి పరిచయం రాయడం ఇంకో అబద్ధమవుతుంది. కొంచెం పుచ్చుకున్నా మనిషి తలకిందులయ్యేవాడని స్నేహితులే చెప్పారు. ఉద్యోగాలు పోయాయి కూడా. చనిపోయే ముందు ఆగస్టులో రిచ్మండ్‌లో మద్యపాన నిషేధ సంఘంలో చేరాడు. నల్లమందు సంగతి వేరు. థామస్ డన్ ఇంగ్లిష్ అనే డాక్టరు ఎడ్గార్‌కు బద్ధ శత్రువు, ఆయన రాతను అచ్చేసిన పత్రిక మీద ఎడ్గార్ కోర్టుదాకా వెళ్లాడు. ఆ ఇంగ్లిషే, నల్లమందు వ్యసనం తాలూకు గుర్తులు అతనిలో తాను ఏనాడూ చూడలేదని తర్వాత రాశాడు. శత్రువు ఇచ్చిన సాక్ష్యం కాబట్టి దీనికి నేను ఎక్కువ విలువ ఇచ్చాను.

పెళ్లి విషయంలో చాలాసేపు ఆలోచించాను. 1836లో మేనత్త కూతురు వర్జీనియాను చేసుకున్నప్పుడు ఆమెకు పదమూడేళ్లు, అతనికి ఇరవై ఏడు. పిల్లకు ఇరవై ఒకటి నిండాయని సాక్షి ప్రమాణం చేశాడు. ఆ కాలం అలాంటిదని సమర్థిస్తూ ఒక వాక్యం రాసి కొట్టేశాను. వయసులు మాత్రం ఉన్నవున్నట్టు రాశాను. 1842 జనవరిలో ఆమె పియానో దగ్గర పాడుతుండగా నోట్లోంచి రక్తం పడింది. క్షయ. అయిదేళ్లు మంచం మీదికీ మంచం దిగీ, బతుకుతుందన్న ఆశకూ లేదన్న భయానికీ మధ్య గడిపారు. చివరి రోజులు ఫోర్డమ్ అనే పల్లెలో ఒక చిన్న ఇంట్లో. ఇప్పుడది న్యూయార్క్‌లోని బ్రాంక్స్. చూడ్డానికి వెళ్లిన మేరీ గోవ్ రాసింది: గడ్డి పరుపు, పైన తెల్ల దుప్పటి, చలికి ఆమె మీద భర్త పెద్ద కోటు కప్పారు, రొమ్ము మీద పెంపుడు పిల్లి పడుకుని ఉంది. ఆమెకు వెచ్చదనం ఇచ్చినవి ఆ కోటూ ఆ పిల్లే అంటుంది మేరీ. 1847 జనవరి 30న వర్జీనియా చనిపోయింది.

‘ది బ్లాక్ క్యాట్’ కథలో పిల్లిని హింసించే తాగుబోతును రాసిన మనిషి ఇంట్లో పిల్లి అలా ఉంది. కథలో ‘నేను’ అన్నవాడు రచయితే అనుకుని జీవిత కథ రాసేవాళ్లకు ఆ గడ్డి పరుపు ఒక్కసారి చూపించాలనిపించింది.

ఆయన చావు గురించి తెలిసింది కొంచెమే. 1849 అక్టోబరు 3న, ఎన్నికల రోజు, బాల్టిమోర్‌లో పోలింగ్ జరిగే ఒక సత్రం దగ్గర స్పృహ తప్పినట్టు కనిపించాడు. ఒంటిమీద బట్టలు అతనివి కావు. నాలుగు రోజులకు ఆసుపత్రిలో పోయాడు. దగ్గరుండి చూసిన డాక్టర్ మోరన్ తర్వాతి ఏళ్లలో ఒక్కోసారి ఒక్కో రకంగా చెప్పాడు. మనుషుల్ని ఎత్తుకెళ్లి, తాగించి, బట్టలు మార్చి, దొంగ ఓట్లు వేయించే ముఠాల పనేనని కొందరన్నారు. కుక్కకాటు రోగం దాకా ఇంకెన్నో ఊహించారు. పరిచయంలో దీనికి ఆరు వాక్యాలకు మించి ఇవ్వలేదు. ఎవరు రాసినా అక్కడే ఎక్కువసేపు ఆగుతారు, బతికిన నలభై ఏళ్లూ పక్కకు పోతాయి.

గుండె చప్పుడు, గౌరవ వాచకం

‘ది టెల్-టేల్ హార్ట్’ నాలుగైదు పేజీల కథ. ఒక ముసలాయన ఇంట్లో ఉండే మనిషి, ఆయన కన్ను నచ్చక ఆయన్ని చంపి, గది చెక్కల కింద దాచి, తనకు పిచ్చి లేదని మనకు నిరూపించబోతాడు. ఆ కన్ను లేత నీలం, పైన పొర, రాబందు కన్నులా ఉంటుంది. ఏడు రాత్రులు అర్ధరాత్రి తలుపు తీసి తల దూరుస్తాడు. తల మాత్రం లోపలికి పెట్టడానికే గంట పడుతుంది. మూత లాంతరులోంచి సాలెపోగంత వెలుగు ఆ కంటి మీద పడేలా వదులుతాడు.

మొదటి చిక్కు క్రియలతో వచ్చింది. ఇంగ్లిషులో ఆ మనిషి ఊపిరాడనట్టు గీతలు పెట్టుకుంటూ మాట్లాడతాడు. తెలుగులో మామూలుగా రాస్తే ప్రతి వాక్యం ‘తీశాను, చూశాను, నవ్వాను’ అని ఒకే తాళంలో ముగుస్తుంది. పిచ్చివాడి మాట కాస్తా బడిపిల్లాడి అప్పచెప్పింపు అవుతుంది. ఫోనులో నా గొంతుతో రికార్డు చేసుకుని చీకట్లో విన్నాను. మూడో సారికి అర్థమైంది, క్రియలు తగ్గించాలని. ‘తలుపు. కొంచెం. ఇంకొంచెం. లోపల చీకటి, తారులాంటి చీకటి.’ అలా రాసేసరికి ఊపిరి వచ్చింది.

రెండోది లింగం. ఈ కథ చెబుతున్నది మగవాడని అసలులో తిన్నగా ఎక్కడా లేదు. ఇంగ్లిషుకు ‘నేను’ చాలు. తెలుగులో ‘చేశాను’తోనూ చిక్కు లేదు. కానీ ‘నన్ను పిచ్చివాడంటారా’ అనగానే తలుపు మూసుకుపోతుంది. అందుకే ‘నాకు పిచ్చి అంటారేం?’ అని రాశాను. తెలుగు ఈ ఒక్కచోట అసలు ఎంత తెరిచి పెట్టిందో అంతా తెరిచే ఉంచింది.

మూడోది నాకు బాగా ఇష్టమైన చోటు. చంపినవాడు ఆ ముసలాయన మీద తనకు ప్రేమే అంటాడు. ఇంగ్లిషులో ఆ ప్రేమను ఒక్క వాక్యంలో చెప్పి వెళ్లిపోవాలి. తెలుగులో ప్రతి సర్వనామం చెబుతుంది. కథంతా ‘పెద్దాయన’ అనే రాశాను. ఆయన నిద్రపోయారు, ఆయన లేచారు, ఆయన కేక వేశారు. చంపేటప్పుడు కూడా గౌరవం తప్పనివ్వలేదు. ఆ మర్యాదే ఒళ్లు జలదరింపజేస్తుంది. చివర పోలీసుల ముందు కూర్చున్నప్పుడు, దూదిలో చుట్టిన గడియారంలా మొదలైన చప్పుడు పెరిగి పెరిగి అతన్ని లేపుతుంది. ఇంగ్లిషు కథ ‘గుండె’ అన్న మాట మీదే ఆగుతుంది. తెలుగు వాక్యం క్రియ మీద ఆగాలని లాగుతుంది. క్రియను ముందుకు తోసేశాను: ‘ఈ చెక్కలు పీకండి! ఇక్కడ, ఇదిగో ఇక్కడే! కొట్టుకుంటోంది, వాడి పాడు గుండె!’ కథ మొత్తంలో పెద్దాయన ‘వాడు’ అయ్యేది ఆ ఒక్క మాటలోనే.

తన మొదటి కథల సంపుటి ముందుమాటలో ఎడ్గార్ ఒక మాటన్నాడు. తన కథల్లో జర్మన్ వాసనలున్నాయని విమర్శించేవాళ్లకు, భయం జర్మనీది కాదు, ఆత్మది అని జవాబు. కూలిన కోటలు, గొలుసుల చప్పుళ్లు, నేలమాళిగలు అంతకు ముందు నుంచే గోథిక్ సాహిత్యంలో ఉన్నాయి. ఆయన వాటిని ఎత్తి మనిషి తలలో పెట్టాడు.

ఆయన తర్వాత

ప్రభావం గురించి మూడు పేజీలు రాసి రెండు తీసేశాను. పేర్ల జాబితా ఎవరికీ పనికిరాదు. నాకు ముఖ్యమనిపించినవి ఉంచాను.

1841 ఏప్రిల్ ‘గ్రాహమ్స్’ సంచికలో ‘ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్’ వచ్చింది. లోపల గడియ పెట్టిన గది, బుర్రతో చిక్కు విప్పే డ్యూపన్, పక్కనుండి చూసి మనకు చెప్పే స్నేహితుడు, ఏమీ పట్టని పోలీసులు, చివర్లో వివరణ. డిటెక్టివ్ కథ ఎముకలన్నీ అందులోనే ఉన్నాయి. 1887లో వచ్చిన మొదటి నవలలోనే షెర్లాక్ హోమ్స్ డ్యూపన్‌ను తక్కువ చేసి మాట్లాడతాడు గానీ, హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ మాత్రం ఆ రుణాన్ని బహిరంగంగా ఒప్పుకున్నాడు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నూ అసిస్టెంట్ రాజునూ దుప్పటి కింద టార్చిలైటుతో చదివిన మా ఇంటి పెద్దవాళ్లకు ఎడ్గార్ పేరు తెలియదు. ఆ జంట బుర్రల వంశం మాత్రం పారిస్ వీధిలో మొదలైన ఆ కథ దాకా వెళుతుంది. జపాన్‌లో అయితే ఒక రచయిత ఆయన పేరునే జపనీస్ ఉచ్చారణలోకి మార్చి ఎడొగావా రంపో అని కలంపేరు పెట్టుకున్నాడు.

1842లో అమెరికన్ రచయిత హాథార్న్ కథల మీద రాసిన సమీక్షలో ఎడ్గార్, కథ ఒక్క విడతలో కూర్చుని చదివేంత ఉండాలి, ప్రతి మాటా ముందే అనుకున్న ఒకే ప్రభావానికి పని చేయాలి అన్నాడు. కథానిక అంటే ఏమిటి అన్న ప్రశ్నకు తెలుగు విద్యార్థులు ఈనాటికీ రాసే జవాబులో ఆ మాట ఉంటుంది. ఎక్కువమంది దాన్ని నిర్వచనంగా బట్టీ పడతారు. అది ఒక సంపాదకుడు, పేజీలు లెక్కపెట్టుకునే మనిషి, పని చేస్తూ కనిపెట్టిన సూత్రం.

ఇక ఫ్రాన్స్. కవి బోదిలేర్ ఎడ్గార్ కథలను ఫ్రెంచిలోకి తెచ్చాడు, మొదటి సంపుటి 1856లో వచ్చింది. అమెరికా చిన్నచూపు చూసినవాణ్ణి యూరప్ నెత్తిన పెట్టుకుందంటే ఆ అనువాదాలే కారణం. గ్రిస్వోల్డ్ రాతలు చదివి, అమెరికాలో కుక్కలు శ్మశానంలోకి రాకుండా చట్టమేదీ లేదా అని మండిపడ్డవాడు బోదిలేర్. ఒక అనువాదకుడు తన రచయిత కోసం అలా నిలబడ్డం చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. అయితే నా పనికి సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. ‘ది రేవెన్’ను బోదిలేర్ వచనంలోనే అనువదించాడు. 1875లో చిత్రకారుడు ఎడ్వార్ మనే వేసిన బొమ్మలతో తెచ్చిన ఇంకో ఫ్రెంచి కవి మలార్మే కూడా వచనంలోనే చేశాడు. అంతటి కవులిద్దరూ ఆ ఛందస్సు జోలికి పోలేదు.

కాకి

1845 జనవరి 29న ‘న్యూయార్క్ ఈవెనింగ్ మిర్రర్’లో ‘ది రేవెన్’ వచ్చింది. నెలలోపే ఊరూరా ఆ పేరే. ప్రియురాలు లెనోర్ పోయిన మనిషి, డిసెంబరు అర్ధరాత్రి, తలుపు తట్టిన చప్పుడు, కిటికీలోంచి వచ్చి తలుపు పైనున్న గ్రీకు జ్ఞానదేవత పల్లాస్ శిల్పం మీద వాలిన నల్లపక్షి. ఏమడిగినా ఒకే మాట: నెవర్‌మోర్.

మరుసటేడు ఎడ్గార్ ఈ కవిత ఎలా కట్టాడో ఒక వ్యాసం రాశాడు. ముందు పొడవు నిర్ణయించుకున్నాడట, వంద పంక్తులకు అటూ ఇటూ. అయినవి నూట ఎనిమిది. తర్వాత పల్లవి కావాలి, అది చిన్నదిగా ఉండాలి. దాని ధ్వనిలో దీర్ఘమైన ‘ఓ’, దాని పక్కన ‘ర’ ఉండాలి. అప్పుడు మాట దొరికింది. బుద్ధి లేని జీవి దాన్ని వల్లిస్తే బాగుంటుందని ముందు చిలుకను అనుకున్నాడు, తర్వాత ఈ పక్షి. ఇదంతా రాసేశాక కట్టిన లెక్కేనంటూ చాలామంది దీన్ని నమ్మరు. కొంత నిజమే కావచ్చు. పద్దెనిమిది చరణాలను తెలుగులోకి తోలుకొచ్చే ప్రయత్నం చేసినదాన్నిగా నా మాట ఇది: లెక్క ముందు వేశాడో తర్వాత వేశాడో గానీ, ఏ చరణాన్ని తీసి తూచినా ఆ లెక్క సరిపోతుంది.

మొదట వచనంలోనే చేశాను. చచ్చిపోయింది. మాత్రా ఛందస్సులో నాలుగేసి మాత్రలతో చేశాను, పెళ్లి పాటలా గెంతింది. అప్పుడు కాగితం మీద అసలు పంక్తికి గురువూ లఘువూ గుర్తులు పెట్టాను. ఎడ్గార్ వాడిన ‘ఫుట్’, అంటే మన గణం లాంటిది, ఒక బరువు, ఒక తేలిక. మనకది గురువు, లఘువు, అంటే హగణం, సూర్యగణాల్లో ఒకటి. చరణంలో రెండు, నాలుగు, అయిదు పంక్తులు తీసుకుంటే అలాంటివి ఏడు, చివర ఒక బరువైన అక్షరం. ఏడు సూర్యగణాలు, ఒక గురువు. ఇది మన ఉత్సాహ పద్యం! ఆయన నాలుగో ఫుట్ తర్వాత విరుపు ఇస్తాడు, మనకు అయిదో గణం మొదట యతి. డిగ్రీలో ఛందస్సు పరీక్ష కోసం నేర్చుకుని మరిచిపోయిన పద్యం, అట్లాంటిక్ అవతల రాసిన కవితకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆ రాత్రి నిద్రపోలేదు. మొదట వచ్చిన పంక్తి ఇది:

ఎవరొ వచ్చి మెల్లమెల్ల నెవరొ తట్టినట్లుగా

ప్రాస నియమం వదిలేశాను. యతి మాత్రం వదల్లేదు.

తర్వాత పక్షి పేరు. రేవెన్‌కు నిఘంటువులో కాకోలం ఉంది. ఎవరికీ తెలియదు. బొంతకాకి అంటే తెలుస్తుంది. లోపలికి వచ్చినప్పుడు ఒకసారి ‘బొంతకాకి’, తర్వాత అంతా ‘కాకి’ అని పెట్టి, చిత్తుప్రతి మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మ మొత్తం విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘ఆ పిల్లే వచ్చిందేమో కదే. ఒక ముద్ద పెట్టి ఉండాల్సింది’ అంది.

నాకు మాట రాలేదు. మన దగ్గర పిండం ముట్టేది కాకి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని ఇంటిల్లిపాదీ చేతులు జోడించి నిలబడతాం. చావు జరిగిన ఇంటికి వచ్చిన కాకిని తెలుగు పాఠకులు అపశకునంగా చూడరు, వచ్చిన మనిషిగా చూస్తారు. ఎడ్గార్ పక్షికి ఆ అర్థం లేదు. కింద ఒక వివరణ పెట్టాలా అని వారం రోజులు ఆలోచించి, పెట్టలేదు. ఆ కవితలో మనిషి అడిగే ఆఖరి ప్రశ్నల్లో ఒకటి, స్వర్గంలోనైనా లెనోర్‌ను మళ్లీ దగ్గరకు తీసుకుంటానా అని. అమ్మ విన్నది ఆ ప్రశ్ననే, ఇంకో దారిలో.

ఇక మిగిలింది ఆ మాట. ‘ఇక లేదు’, ‘మరి రాదు’, ‘ఇంకెన్నటికీ లేదు’. మూడూ లఘువు మీద తెగిపోతాయి, గొంతులో మోగవు. పైగా చరణం చరణానికీ ప్రశ్న మారుతుంది. నా బాధకు మందుందా అంటే ‘లేదు’ కావాలి, ఆమె దొరుకుతుందా అంటే ‘దొరకదు’, నా గుమ్మం వదిలి పో అంటే ‘పోను’. ఇంగ్లిషులో ఒకే మాట అన్నింటికీ అతుకుతుంది, తెలుగు క్రియ అతకదు.

ఆర్నెల్లు తిరిగాక ఒక పొద్దున్న బస్సులో తట్టింది. క్రియ ఎందుకు? ‘ఎన్నడూ’ చాలు. తెలుగులో ఎన్నడూ అనగానే వెనక ఒక ‘లేదు’ రావాలని చెవి ఎదురుచూస్తుంది. కాకి దాన్ని చెప్పకుండా ఆగిపోతుంది. ఆ ‘లేదు’ను, ‘రాదు’ను, ‘పోను’ను ఆ మనిషే తన మనసులో నింపుకుంటాడు. ఎడ్గార్ తన వ్యాసంలో చెప్పింది కూడా ఇదే కదా. ఆ పక్షికి ఏమీ తెలియదు, జవాబు అదేనని తెలిసి కూడా తనకు బాధ కలిగించే ప్రశ్నలనే ఆ మనిషి ఎంచుకుని అడుగుతాడు. ‘ర’ పోయింది, దీర్ఘం మిగిలింది. మూడు గణాలు, ఒక గురువు, లెక్క కూడా తప్పలేదు:

కాకి పలికె నెన్నడూ

ప్రూఫు దశలో ఒకాయన వాక్యం అసంపూర్తిగా ఉందని ప్రతిచోటా పక్కన ‘లేదు’ చేర్చి పంపారు. ఆయన చెవి సరిగ్గానే పనిచేసింది. అన్నీ కొట్టేసి తిరిగి పంపాను, ఎందుకో ఫోనులో చెప్పాను, ఒప్పుకున్నారు. చివరి చరణంలో ఆ మాట పక్షి అనదు. నేల మీద పరుచుకున్న నీడలోంచి తన ఆత్మ ఇక లేవదని ఆ మనిషే అంటాడు. కవిత మొత్తంలో కాకి దాచిన ఆ ‘లేదు’ను తన నోటితో తానే పలుకుతాడు. అక్కడ మాత్రం క్రియ పెట్టాను:

పైకి లేవదెన్నడూ